రొయ్యలూ నత్తలూ ఒకే ట్యాంకులో: ఏవి తేవాలో ముందు నీళ్లు చెప్పాలి

చిన్న ట్యాంకు పెట్టాలనుకున్నవాళ్లు ముందు గాజు తొట్టి కొంటారు. ఆ తర్వాత లైటు, ఇసుక, నాలుగు మొక్కలు. ఆఖరున రంగు చూసి రొయ్యలు. నీళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు, కుళాయి తిప్పితే వచ్చేవే కదా అనుకుంటాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎరుపు తెలుపు పట్టీల క్రిస్టల్ రెడ్ రొయ్యల ఫొటో చూసి మనసు పారేసుకున్నాను. వాటికి కావాలన్నారని, నీళ్ల గుణాన్ని మార్చే నల్లటి మట్టి యాక్టివ్ సాయిల్ పరిచి, లవణాలు దాదాపుగా తీసేసిన ఆర్ఓ నీళ్లు పోశాను. అద్దానికి పట్టే పాచి తింటాయని రెండు జీబ్రా నీరైట్ నత్తలను కూడా వేశాను.

రొయ్యలు బాగానే ఉన్నాయి. రెండు నెలలు తిరిగేసరికి నత్తల గుల్లలే తేడాగా కనిపించాయి. గుల్ల చుట్టు మొదలయ్యే చోట, అంటే అన్నిటికన్నా పాత భాగంలో, నల్ల చారలు వెలిసి బూడిదరంగుకు తిరిగాయి. తర్వాత ఆ చోటంతా సుద్దముక్కలా తెల్లబడింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వేలితో రాస్తే గరుకుగా, చిన్న చిన్న గుంటలు తగిలాయి. ఏదో జబ్బనుకుని మందు కోసం వెతికాను. జబ్బు కాదు, ఆ నీళ్లే గుల్లను కరిగిస్తున్నాయి.

నత్త గుల్ల చాలావరకు కాల్షియం కార్బొనేట్. నీళ్లు ఆమ్లం వైపు తిరిగితే, అందులో కాల్షియం కూడా తక్కువగా ఉంటే, అది కొద్దికొద్దిగా కరిగిపోతుంది. క్రిస్టల్ రొయ్యలకు సరిగ్గా అలాంటి నీళ్లే కావాలి. ‘రొయ్యలకూ నత్తలకూ సరిపడే ట్యాంకు’ అని ఒక్కమాటలో అంటాం గానీ, ఏ రొయ్య, ఏ నత్త అన్నది తేలకుండా ఆ మాటకు అర్థం లేదు. అది తేలాలంటే మీ ఇంట్లో వచ్చే నీళ్లు ఎలాంటివో ముందు తెలియాలి. అందుకే ఈ పోలిక అక్కడే మొదలుపెడుతున్నాను.

నీళ్లలో చూడాల్సినవి

రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. జీహెచ్ అంటే నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం. రొయ్య పెంకుకూ నత్త గుల్లకూ సరుకు ఇక్కడినుంచే వస్తుంది. కేహెచ్ అంటే కార్బొనేట్లు, బైకార్బొనేట్లు. పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో చెప్పే అంకె, 7 కన్నా తగ్గితే ఆమ్లం) ఒక్కసారిగా పడిపోకుండా పట్టి ఉంచేది ఇదే. రెండింటినీ డిగ్రీల్లో కొలుస్తారు, ఒక డిగ్రీ అంటే 17.9 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు).

టీడీఎస్ మీటరు చాలామంది దగ్గర ఉంటుంది, కానీ అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ అడ్డంగా కలిపి ఒక అంకె చెబుతుంది. నీళ్లలో 300 ఉందంటే అది కాల్షియమా, మామూలు ఉప్పా అన్నది దానికి తెలియదు. అందుకే బొట్లు వేసే జీహెచ్, కేహెచ్ కిట్లే కొనండి. 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో బొట్టు వేసి కలుపుతూ పోతే ఏదో ఒక బొట్టుకు రంగు మారుతుంది. ఎన్నో బొట్టుకు మారిందో అన్ని డిగ్రీలు. నీళ్లలో ముంచి చూసే కాగితపు పట్టీలు త్వరగా పని కానిస్తాయి గానీ 4కీ 8కీ తేడా అంత కచ్చితంగా చెప్పవు. మనకు కావలసింది ఆ తేడానే.

మీ నీళ్లలో జీహెచ్ 6 నుంచి 12 మధ్య, కేహెచ్ 2 నుంచి 8 మధ్య, పీహెచ్ 7 దాటి ఉందనుకోండి, మీ పని సగం అయిపోయినట్టే. చెర్రీ రొయ్యలు, వాటితో దాదాపు ఏ నత్త అయినా పెట్టుకోవచ్చు. ఆ నీళ్లను మార్చే ప్రయత్నమే చేయవద్దు.

జీహెచ్ 15, 16 దాటే గట్టి నీళ్లయితే నత్తలకు పండగే, రొయ్యలకు మాత్రం కాస్త ఇబ్బంది. ఆర్ఓ నీళ్లు సగానికి సగం కలిపితే 16 కాస్తా 8 అవుతుంది. లెక్క అంత సులువు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇంటి పైపుకు బిగించే సాఫ్టెనర్ నుంచి వచ్చే నీళ్లను ఆర్ఓ నీళ్లలాగే వాడేస్తారు. సాఫ్టెనర్ కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది. బట్టలు ఉతకడానికి బాగుంటుంది గానీ పెంకు కట్టుకోవలసిన జీవికి అందులో ఏమీ ఉండదు.

మూడోది మెత్తటి నీళ్లు, జీహెచ్ 2, 3 ఉండేవి. వీటికి రెండు దారులు. రొయ్యల కోసమే అమ్మే ఖనిజ లవణాల పొడి కలిపి జీహెచ్, కేహెచ్ రెండూ పెంచి చెర్రీ రొయ్యలూ నత్తలూ పెట్టడం ఒకటి. నత్తల మీద ఆశ వదులుకుని క్రిస్టల్ రొయ్యల వైపు వెళ్లడం రెండోది. రెండు పడవల మీద కాళ్లు పెట్టాలని నేను చూశాను, ఫలితం పైన చెప్పాను.

కుళాయి నీళ్లు ఏవైనా సరే, క్లోరిన్ సంగతి చూసుకోవాలి. మామూలు క్లోరిన్ అయితే ఒక రోజు గాలి బుడగలు వదిలితే పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్‌కు అమోనియా చేర్చినది) కలిపిన నీళ్లయితే అలా పోదు, క్లోరిన్‌ను విరిచే మందు, డీక్లోరినేటర్, వేయాల్సిందే. ఏది కలుపుతున్నారో తెలియకపోతే డీక్లోరినేటర్ వేసేయండి, ఆలోచన ఉండదు.

ఏ రొయ్యలు

చెర్రీ రొయ్యలు అని మనం పిలిచేవన్నీ నియోకారిడినా జాతివి. ఎరుపు, పసుపు, నీలం, నారింజ, చాక్లెట్ రంగు, ఏ పేరుతో అమ్మినా జీవి ఒకటే. పెద్దవైతే రెండున్నర, మూడు సెంటీమీటర్లు. 18 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయి, 22 నుంచి 25 మధ్య హాయిగా ఉంటాయి. పీహెచ్ 6.5 నుంచి 8 వరకు సర్దుకుపోతాయి. తల్లి కడుపు కింద ఇరవై, ముప్పై గుడ్లు పెట్టుకుని మూడు నాలుగు వారాలు మోస్తుంది. పిల్లలు 2 మిల్లీమీటర్ల సైజులో పుడతాయి, పుట్టగానే అచ్చం పెద్ద రొయ్యల్లాగే ఉంటాయి. ఆ రోజునుంచే నాచు మీద పాకుతూ మేత వెతుక్కుంటాయి.

ఒక్క జాగ్రత్త. రంగులు కలపకండి. ఎర్రవీ నీలివీ ఒకే ట్యాంకులో వేస్తే మొదటి నెల కన్నుల పండువగా ఉంటుంది, కొన్ని తరాలకల్లా గోధుమరంగు రొయ్యలు కనబడతాయి. అడవి జాతి రంగు అది, తిరిగి అక్కడికే పోతాయి. వాటి ఆరోగ్యానికి ఏమీ కాదు, మీకే మనసు చివుక్కుమంటుంది.

క్రిస్టల్ రెడ్, క్రిస్టల్ బ్లాక్ లాంటివి కారిడినా జాతివి. అందంలో వీటికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ వాటికి పీహెచ్ 5.5 నుంచి 6.8, జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ సున్నా లేదా ఒకటి, వేడి 20 నుంచి 24 డిగ్రీలు కావాలి. అంటే ఆర్ఓ నీళ్లు, అందులో జీహెచ్ మాత్రమే పెంచే లవణం, పీహెచ్ దించి ఉంచే యాక్టివ్ సాయిల్. ఆ సాయిల్ శక్తి ఏడాది, ఏడాదిన్నరకు అయిపోతుంది, అప్పుడు ట్యాంకంతా మళ్లీ పరచాలి. గది వేడెక్కే చోట చల్లబరిచే ఏర్పాటు కూడా చూసుకోవాలి. మొదటి ట్యాంకుకు వీటి జోలికి వెళ్లవద్దు. నత్తలు కూడా కావాలనుకుంటే రెండో ట్యాంకుకైనా వద్దు, వీటికి విడిగా ఒక ట్యాంకు పెట్టుకోండి.

మూడోది అమానో రొయ్య. జపాన్‌కు చెందిన అక్వేరియం కళాకారుడు తకాషి అమానో తన మొక్కల ట్యాంకుల్లో పాచి తినడానికి వీటిని వాడి ప్రచారంలోకి తెచ్చాడు, ఆ పేరే స్థిరపడింది. నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది, రంగు పెద్దగా ఉండదు, పక్కల చుక్కలూ గీతలూ మాత్రం ఉంటాయి. పాచి తినడంలో చెర్రీ రొయ్య దీని ముందు దిగదుడుపే. ఇది మంచినీళ్లలో సంతానం పెంచలేదు. గుడ్లు పెడుతుంది, పిల్లలూ పొదుగుతాయి, కానీ ఆ పిల్లలకు ఉప్పునీళ్లు కావాలి, లేకపోతే కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. జనాభా పెరగకూడదు, పాచి మాత్రం పోవాలి అనుకునేవాళ్లకు ఇదే సరైనది. మూత లేని ట్యాంకులో మాత్రం వేయకండి, రాత్రికి రాత్రి పైపు పట్టుకుని ఎక్కి బయటకు వస్తుంది.

నా మాట అడిగితే ఒకే రంగు చెర్రీ రొయ్యలు పది తెచ్చుకోండి. అయిదు తెస్తే అన్నీ మగవో అన్నీ ఆడవో అయ్యే అవకాశం పదహారింట ఒకటి. పది తెస్తే అది 512లో ఒకటికి పడిపోతుంది. తర్వాత మీరు కొనాల్సిన పని ఉండదు, అవే పెరుగుతాయి.

ఏ నత్తలు

నత్తల దగ్గర అడగాల్సిన ప్రశ్న వేరు: పిల్లలు పుట్టినా ఫరవాలేదా, వద్దా?

వద్దు అంటే నీరైట్. అద్దం మీద, రాళ్ల మీద గట్టిగా పట్టిన పాచిని గీకి తినడంలో దీన్ని మించినది లేదు. దీని పిల్లలు కూడా మంచినీళ్లలో బతకవు. కానీ గుడ్లు మాత్రం పెడుతూనే ఉంటుంది. చెక్క ముక్క మీద, ఆకుల మీద, ఆఖరికి తోటి నత్త గుల్ల మీద కూడా తెల్లటి నువ్వుగింజల్లా అతుక్కుని ఉంటాయి. గోటితో గీకినా ఊడవు. ముదురు రంగు చెక్కను ముచ్చటపడి పెట్టుకున్నవాళ్లకు ఆ చుక్కలు చూస్తే చిరాకు. ఒక్క నీరైట్‌నే పెట్టుకున్నా గుడ్ల బెడద తప్పకపోవచ్చు, అది ముందే ఎక్కడో జత కట్టి వచ్చి ఉంటుంది. కొత్త ట్యాంకులో పాచి లేకపోతే ఇది పస్తుంటుంది, మనం వేసే మేత వైపు చాలాసార్లు తిరిగి కూడా చూడదు. ట్యాంకుకు కాస్త పాచి పట్టాకే తేవాలి.

మిస్టరీ నత్త చూడటానికి ముచ్చటైనది. బంగారు, నీలం, ఊదా రంగుల్లో ఉంటుంది, అయిదు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నీళ్ల పైకి వచ్చి ఒక గొట్టం చాపి గాలి పీల్చుకుంటుంది, పిల్లలు గంటల తరబడి చూస్తారు. గుడ్లను నీళ్ల మట్టానికి పైన అద్దం మీద గులాబీ రంగు ముద్దలా పెడుతుంది. ఇది మనకు మంచిదే: పిల్లలు వద్దనుకుంటే ఆ ముద్దను ఒలిచి పారేస్తే సరిపోతుంది. ఆడ నత్త జత కట్టిన నెలల తర్వాత కూడా గుడ్లు పెట్టగలదు, కాబట్టి ఒకటే ఉంది కదా అని ధీమాగా ఉండవద్దు. దీనితో అసలు సమస్య పెంట. చాలా తింటుంది, అంతే విసర్జిస్తుంది. 20 లీటర్లలో ఒకటి చాలు, 10 లీటర్లలో అది కూడా ఎక్కువే. కాల్షియం కూడా దీనికి మిగతావాటికన్నా ఎక్కువ కావాలి. పక్షుల పంజరంలో వేలాడదీసే తెల్లటి కటిల్‌బోన్ ముక్క ఒకటి ట్యాంకులో వేస్తే దాన్ని గీక్కుని తింటుంది. ఆపిల్ నత్తల్లో దీని దగ్గరి చుట్టం, పొమేసియా కానలిక్యులేటా, మొక్కలను నమిలేసే రకం, చాలా దేశాల్లో వరి పొలాలకు పెద్ద తెగులు. గుర్తు తెలియని పెద్ద నత్తను మొక్కల ట్యాంకులో వేయకపోవడం మేలు. అసలు ట్యాంకు నత్తలు వేటినీ చెరువులో, కాలువలో వదలకూడదు, ఎన్ని ఎక్కువైనా సరే.

పుట్టినా ఫరవాలేదనేవాళ్లకు రామ్స్‌హార్న్. పొట్టేలు కొమ్ములా చుట్టుకుని ఉంటుంది కనుక ఆ పేరు. ఎర్ర రామ్స్‌హార్న్‌ను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి ఒళ్లు నిజంగానే ఎర్రగా కనిపిస్తుంది, దాని రక్తంలో మన రక్తంలో ఉన్నట్టే హీమోగ్లోబిన్ ఉంటుంది. రొయ్య రక్తం అలా కాదు, అందులో ఆక్సిజన్ మోసేది రాగి. విచిత్రం ఏమిటంటే, నీళ్లలో రాగి కాస్త ఎక్కువైతే ఆ రొయ్యకే అది విషం. చేపల మందుల్లో రాగి ఉన్నవి చాలా ఉన్నాయి, వాటిలో ఒక్క బొట్టు కూడా ఈ ట్యాంకులో పడకూడదు.

రామ్స్‌హార్న్‌లు ప్రతిదీ ఆడా మగా కూడా, అందుకే త్వరగా పెరుగుతాయి. చాలామంది వీటిని తిట్టుకుంటారు. నేను తిట్టుకోను. నత్తలు ఒక్కసారిగా వందకు చేరాయంటే మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. మేత తగ్గిస్తే వాటి సంఖ్యా తగ్గుతుంది. ట్రంపెట్ నత్త సంగతీ ఇంతే, కాకపోతే ఇది పగలంతా ఇసుకలో దూరి ఉంటుంది, గుడ్లు కాకుండా నేరుగా పిల్లల్నే పెడుతుంది, మగ తోడు కూడా అక్కర్లేదు. ఇసుక పొర మందంగా ఉన్న ట్యాంకుల్లో కింద కుళ్లు చేరకుండా కదిలించే పని ఇదే చేస్తుంది. ఒకసారి ఇసుకలో స్థిరపడ్డాక పూర్తిగా తీసేయడం మాత్రం జరిగే పని కాదు.

నత్తలు ఎక్కువయ్యాయని అసాసిన్ నత్తను తెచ్చేవాళ్లున్నారు. అది మిగతా నత్తల్ని తింటుంది, నిజమే. మీరు ముద్దుగా పెంచుకునే నీరైట్‌ను మాత్రం వదిలేస్తుందన్న హామీ ఏమీ లేదు. నత్తల ట్యాంకులో దీనికి చోటు లేదు.

నా ఎంపిక చెప్పమంటే: 20 లీటర్ల ట్యాంకులో ఒక నీరైట్, నాలుగైదు రామ్స్‌హార్న్‌లు. మిస్టరీ నత్త కావాలంటే ట్యాంకు పెద్దది తీసుకోండి.

ఎంత పెద్ద తొట్టి

చిన్నదైతే సులువు అని కొత్తవాళ్లు అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. వారంలో ఒక లీటరు నీళ్లు ఆవిరయ్యాయనుకోండి, 40 లీటర్ల ట్యాంకులో అది నలభయ్యో వంతు, 10 లీటర్లలో పదో వంతు. ఒక రొయ్య చచ్చి మీ కంట పడకుండా మొక్కల వెనక కుళ్లినా అంతే, పెద్ద నీళ్లలో తెలియకుండా కలిసిపోతుంది, చిన్న తొట్టిలో అమోనియా పైకి లేస్తుంది. వేడి కూడా చిన్న తొట్టిలో త్వరగా ఎక్కుతుంది, త్వరగా దిగుతుంది.

అలాగని అందరికీ 40 లీటర్ల చోటు ఉండదు. 30 సెంటీమీటర్ల చదరపు తొట్టి, ఎత్తూ అంతే ఉన్నది, 27 లీటర్లు పడుతుంది. ఇసుకా రాళ్లూ పోను 22, 23 లీటర్ల నీళ్లు ఉంటాయి. చోటుకూ సౌకర్యానికీ మధ్య నాకు ఇదే బాగా కుదిరింది. 45 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్నది 40 లీటర్లు, కుదిరితే ఇదే తీసుకోండి. 10 లీటర్ల తొట్టి అలవాటైన చేతికి సరే, మొదటిసారికి కాదు. పొడవాటి గాజు సిలిండర్లు, గుండ్రటి గిన్నెలు అసలు వద్దు. రొయ్యలకు కావలసింది పాకే నేల, ఎత్తు కాదు. ఇంకొకటి, లీటరు నీళ్లు కిలో బరువు. 40 లీటర్ల తొట్టి ఇసుకతో, గాజుతో కలిపి 50 కిలోలు దాటుతుంది, పుస్తకాల అలమర మీద పెట్టేముందు ఆలోచించుకోండి.

మూత తప్పనిసరి. నీరైట్లు ఎక్కి బయట పడతాయి, వెల్లకిలా పడితే తిరగలేక ఎండిపోతాయి. మిస్టరీ నత్త ఉంటే నీళ్ల మట్టానికీ మూతకీ మధ్య అయిదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలి, దానికి గాలి పీల్చే చోటు కావాలి కదా.

ఫిల్టర్, అడుగు పొర

ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. స్పాంజ్ ఫిల్టర్, దానికి ఒక ఎయిర్ పంప్. పిల్లల్ని లాక్కోదు, పైగా ఆ స్పాంజ్ మీద పట్టే జిగురుపొరే వాటికి మేత. వెనక తగిలించే ఫిల్టర్లు నీళ్లను ఇంకా తేటగా ఉంచుతాయి గానీ లోపలికి లాగే గొట్టానికి స్పాంజ్ తొడగకపోతే 2 మిల్లీమీటర్ల పిల్లలు ఒక్కటీ మిగలవు. ఎయిర్ పంప్ చప్పుడు చేస్తుందన్నది నిజమే, పడకగదిలో అయితే కింద మెత్తటి గుడ్డ పెట్టుకోవాలి. గొట్టం మధ్యలో చెక్ వాల్వ్ పెట్టండి, కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంపులోకి రాకుండా ఆపుతుంది.

ఆ పంపు గదిలో గాలినే లోపలికి లాగుతుందన్నది మరిచిపోకూడదు. ఒక రాత్రి దోమల మందు కొట్టి తలుపు వేశాను. తెల్లారి చూస్తే పద్దెనిమిది రొయ్యల్లో పదకొండు పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఆ మందుల్లో ఉండే పైరెత్రాయిడ్లు దోమకు ఎంత విషమో రొయ్యకూ అంతే, రెండూ కీళ్లకాళ్ల జీవులే. నత్తలకు ఏమీ కాలేదు. ఆ తర్వాత ట్యాంకు ఉన్న గదిలో ఏ మందూ కొట్టలేదు.

అడుగున పరచడానికి ఇసుకా, సాయిలా అన్నది ఇప్పటికి మీకే తేలిపోయి ఉండాలి. చెర్రీ రొయ్యలూ నత్తలూ అయితే మామూలు ఇసుక లేదా సన్న కంకర, నీళ్ల గుణాన్ని మార్చనిది. రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. యాక్టివ్ సాయిల్ నీళ్లలో కేహెచ్‌ను లాగేసి పీహెచ్ దించుతుంది, అదే దాని పని. నత్తలున్న చోట అది పరిచి, మళ్లీ గుల్లల కోసం పగడపు ముక్కలు వేయడమంటే ఒక చేత్తో గుంట తవ్వి ఇంకో చేత్తో పూడ్చడమే.

మొక్కల్లో జావా మాస్ ఒక గుప్పెడు ఉంటే మిగతావన్నీ అదనం. ఆనూబియాస్, జావా ఫెర్న్ తెచ్చుకుంటే వాటి లావుపాటి కాడను ఇసుకలో పాతకండి, కుళ్లుతుంది. చెక్కకు దారంతో కట్టండి. కొత్త మొక్కల మీద పురుగుమందు ఉండొచ్చు, కనీసం వారం రోజులు వేరే బకెట్లో నీళ్లు మారుస్తూ ఉంచి అప్పుడు వేయాలి. మొక్కలతో వచ్చిన ఉచిత నత్తలు కనిపిస్తే, గుల్ల ఎడమకు తిరిగి ఉంటే అవి బ్లాడర్ నత్తలు. పాపం వాటివల్ల హాని ఏమీ లేదు.

ఎన్నాళ్లు ఆగాలి

రొయ్యలు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. జీవులు విడిచే అమోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషం, మూడోది కొంతవరకు ఫరవాలేదు, 20 పీపీఎం లోపు ఉంచితే చాలు. ఈ బ్యాక్టీరియా స్పాంజ్‌లో నెలకొనడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

దీనికి రెండు దారులున్నాయి. సీసాలో దొరికే అమోనియాను 2 పీపీఎం వచ్చేలా వేసి, అది ఒక్క రోజులో సున్నాకు దిగి, నైట్రైట్ కూడా సున్నా అయ్యేదాకా చూడటం ఒకటి. నడుస్తున్న మంచి ట్యాంకులోని స్పాంజ్‌ను తెచ్చి కొత్త ఫిల్టర్ మీద పిండటం రెండోది. ఇది చాలా త్వరగా పనిచేస్తుంది, కానీ ఆ ట్యాంకులో రాగి మందులు వాడలేదని, హైడ్రా, ప్లనేరియా లాంటి పురుగులు లేవని తెలిసి ఉండాలి. ప్లనేరియా వచ్చాక వేసే ఫెన్‌బెండజోల్ అనే మందు రొయ్యల్ని ఏమీ అనదు గానీ నీరైట్ల ప్రాణం మీదికి తెస్తుంది. మొదటే రానివ్వకపోవడం మేలు.

పరీక్షలో సున్నాలు వచ్చిన రోజే రొయ్యలు తేవాలని చేతులు ఊరుతాయి. ఇంకో రెండు వారాలు ఆగండి. లైటు రోజుకు ఆరేడు గంటలు వెలగనివ్వండి, అద్దం మీద పల్చగా పాచి పడనివ్వండి. చెక్క ముక్క మీద తెల్లగా బూజులాంటి జిగురు వస్తే తుడిచేయకండి, అది రొయ్యలకు విందు.

ముందు రామ్స్‌హార్న్ నత్తలు దించండి. అవి వారం రోజులు చురుగ్గా తిరుగుతుంటే నీరైట్, ఆ తర్వాత రొయ్యలు. రొయ్యల్ని సంచిలోంచి నేరుగా పోయకూడదు. సంచి నీళ్లతో ఒక గిన్నెలోకి వంచి, సన్న గొట్టానికి ముడి వేసి ట్యాంకు నీళ్లు సెకనుకు రెండు మూడు బొట్ల చొప్పున గంటన్నర పడనివ్వండి. గిన్నెలో నీళ్లు మూడింతలయ్యాక వలతో రొయ్యల్ని మాత్రం తీసి ట్యాంకులో వదలండి, ఆ నీళ్లు పారబోయండి.

తర్వాత నీళ్లు మార్చేటప్పుడు కూడా ఒక్కసారిగా సగం తీసి పోయకండి. వారానికి పదో వంతు చాలు, అది కూడా నెమ్మదిగా. ఆవిరైన దాని బదులు పోసేటప్పుడు ఆర్ఓ నీళ్లు పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు లోపలే ఉండిపోతాయి. కుళాయి నీళ్లతోనే నింపుతూ పోతే నాలుగు నెలల్లో జీహెచ్ ఎక్కడికో వెళ్లిపోతుంది. మేత రోజు విడిచి రోజు, రెండు గంటల్లో అయిపోయేంత మాత్రమే వేయండి. చేపలు? చిన్న నోరున్నవి కూడా రొయ్య పిల్లల్ని తింటాయి. వద్దు.

మొదటి వారం రొయ్యలు కనిపించక టెన్షన్ పడతారు. నాచులో దాక్కుని ఉంటాయి. ఒక ఉదయం ఇసుక మీద రొయ్య ఆకారం కదలకుండా పడి ఉంటుంది, గుండె గుభేలుమంటుంది. దగ్గరికి వెళ్లి చూడండి. గాజులా అటునుంచి ఇటు కనిపిస్తూ, వీపు మీద తల భాగానికీ పొట్ట భాగానికీ మధ్య చీలి ఉంటే అది రొయ్య కాదు, విడిచిన కుబుసం. తీసేయకండి. అందులో ఉన్న కాల్షియం కోసం అవే వచ్చి తింటాయి, ఆ వదిలిన రొయ్య మాత్రం కొత్త పెంకు గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు ఏ ఆకు చాటునో ఉంటుంది. ఉడికించినట్టు గులాబీ రంగులో, లోపల కండతో కనిపిస్తే అది చచ్చిన రొయ్య, వెంటనే తీసేయాలి. మెడ దగ్గర తెల్లటి ఉంగరంలాంటి గీతతో చచ్చి ఉంటే కుబుసం సగంలో ఇరుక్కుపోయిందన్నమాట. జీహెచ్ కిట్టు తీసి బొట్లు లెక్కపెట్టండి.